ఇల్లు అమ్మి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. మన వాళ్ళ దృష్టిలో ఇల్లు అమ్ముకోవడం పరీక్ష కాదు, పరాభవం. "పాపం, ఇల్లమ్ముకున్నార్ట!" అని మా అమ్మమ్మ ఎవరి గురించైనా చెప్పేటప్పుడు, ఆ ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసినట్టు గొంతు తగ్గించేది.

స్కాట్లండులో అలా కాదు. పిల్లలు పుడితే ఇల్లు మారుస్తారు. పిల్లలు రెక్కలొచ్చి వెళ్ళిపోతే మారుస్తారు. మోకాళ్ళు నొప్పెడితే మారుస్తారు. మా అక్కా వాళ్ళది ఈ మూడో కారణం. ఎడింబరోలో వాళ్ళది పాతకాలపు రాతి కట్టడంలో మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. పద్దెనిమిదేళ్ళపాటు కూరగాయల సంచులు మోసుకుంటూ ఆ మెట్లెక్కిన అక్క, "ఇంక నా వల్ల కాదు, కింద గుమ్మం, వెనకాల ఇంత పెరడు ఉన్న ఇల్లు కావాలి" అని కూచుంది. 2023 వేసవిలో నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో అమ్మకమూ కొనుగోలూ ఒకేసారి నడుస్తున్నాయి. ఒకే ముహూర్తానికి కూతురి పెళ్ళీ కొడుకు పెళ్ళీ పెట్టుకున్నట్టుంది వాళ్ళ అవస్థ.

మొదటి ఆదివారమే నాకు జ్ఞానోదయమైంది. మధ్యాహ్నం ఇల్లు చూసుకోవడానికి జనం వస్తారట. పొద్దున్నే లేచి చారులోకి పోపు పెట్టబోతే అక్క పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపేసింది. "ఇంగువా! నీకేమైనా మతిపోయిందా? ఇవాళ బ్రెడ్డే!" అంది. దేవుడి పటాలు అలమరలోకి వెళ్ళాయి. పిల్లల ఫోటోలు సొరుగులోకి వెళ్ళాయి. సోఫా మీద ఎవరూ కూచోకూడదు, స్నానాల గదిలో తడి కనపడకూడదు. మొత్తానికి నాకర్థమైందేమిటంటే, ఇల్లు మంచి ధరకి అమ్ముడుపోవాలంటే అందులో మనం ఎన్నడూ బతకనట్టు కనపడాలి! పటాలు సర్దుతూ "క్షమించు స్వామీ, రెండు గంటల నుంచి నాలుగు దాకానే" అని అక్క గొణుక్కోవడం విన్నాను.

అక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. స్కాట్లండులో లాయర్లే చాలావరకు ఇళ్ళు అమ్మిపెట్టే పని కూడా చేస్తారు. 2008 డిసెంబరు నుంచీ అమ్మేవాళ్ళే ముందుగా తమ ఇంటి జాతకం రాయించి పెట్టాలి. దాన్ని హోమ్ రిపోర్టు అంటారు. సర్వేయరు వచ్చి గోడలు, కప్పు, కిటికీలు చూసి దేనికి ఎంత జబ్బుందో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు. మూడు వచ్చిందంటే వెంటనే వైద్యం చేయించాలన్నమాట. చివర ఇంటి విలువ కూడా అందులోనే వేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. అసలు తమాషా ధర దగ్గర. చాలా ఇళ్ళకి 'ఇంతకు పైన ఎంతిస్తారో చెప్పండి' అని ప్రకటన వేస్తారు. నలుగురైదుగురు ఆశపడితే ఒక గడువు పెడతారు. ఆ రోజు ఆ గంటలోగా ఎవరి లాయరు ద్వారా వాళ్ళు తమ ధర పంపాలి. పక్కవాడు ఎంత రాశాడో తెలీదు. రెండోసారి అవకాశం వస్తుందన్న నమ్మకం లేదు.

సంతలో వంకాయల దగ్గర కూడా బేరమాడి పెరిగిన వాళ్ళం మనం. ఎదుటివాడి మొహం చూడకుండా, వాడి మాట వినకుండా బేరం ఎలా చేస్తాం? పైగా బ్యాంకు అప్పిచ్చేది రిపోర్టులో వేసిన విలువని బట్టే. అంతకు మించి ఒక్క పౌను రాసినా అది మన చేతి డబ్బే. అక్క మనసుపడ్డ మొదటి ఇల్లు అలాగే పోయింది. ఎంత తేడాతో పోయిందో కూడా తెలియలేదు. రెండో ఇంటికి రాత్రి పన్నెండు దాకా కూచున్నారు. రిపోర్టు విలువ 3,20,000 పౌన్లు. బావ 3,30,000 అన్నాడు. అందరూ గుండ్రటి అంకె రాస్తారు, కాస్త చిల్లర కలిపితే పైచెయ్యి అవుతుందని లాయరు సలహా. అప్పుడు అక్క కలం తీసుకుని 3,31,116 అని రాసింది. "నూటపదహార్లు లేకుండా శుభకార్యం ఏమిటి?" అంది. నమ్మండి, ఆ ఇల్లు వచ్చింది! నూటపదహార్ల మహిమో వెయ్యి మహిమో నేను చెప్పలేను గానీ, విలువ పైన 11,116 పౌన్లు చేతి డబ్బు పెట్టాల్సొచ్చింది. కొనేవాళ్ళు కట్టే పన్ను ఇంకో 6,400 దాటింది.

ఇక అసలు కథ.

అక్కా వాళ్ళ ఫ్లాటు ఒక స్కూలు టీచరుకి కుదిరింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఒంటరి మనిషి. మొదటిసారి తనొక్కతే వచ్చింది. రెండోసారి తల్లిని తీసుకొచ్చింది. ఆ పెద్దావిడ మెట్లెక్కి ఆయాసపడుతూ వంటింటి కిటికీలోంచి బయటికి చూసి "బాగుంది" అన్నట్టు తలూపింది. ధర కుదిరింది, సరేనని లాయర్లు చెప్పుకున్నారు. వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ ఫోను చేసి, "కిటికీల కొలతలు తీసుకోవచ్చా? కర్టెన్లు కుట్టించుకుంటాను" అని అడిగింది. వచ్చింది. ఆవిడ కుర్చీ ఎక్కి టేపు పైన పట్టుకుంటే కింద కొస అక్క పట్టుకుంది.

అయితే అక్కడి చట్టం ప్రకారం నోటిమాటకి విలువ లేదు. ఇంటి అమ్మకం కాగితం మీద ఉండాలి. ఇద్దరి లాయర్ల మధ్యా ఉత్తరాలు నడుస్తాయి. వీళ్ళొక షరతు పెడితే వాళ్ళొకటి సవరిస్తారు. ఆ ఉత్తరాలని మిస్సివ్స్ అంటారు. ఆఖరి ఉత్తరంతో అన్నీ ఒప్పుకున్నట్టయితే అప్పుడు ఇద్దరూ కట్టుబడ్డట్టు. ఆ తర్వాత కాదంటే నష్టపరిహారం కట్టాలి. కానీ ఆ ఆఖరి ఉత్తరం రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా, ఏ కారణమూ చెప్పకుండా, తప్పుకోవచ్చు.

సరిగ్గా ఆ వారాల్లోనే, అంతకుముందు ఇల్లు చూసి వెళ్ళిన ఒకాయన కబురు పెట్టాడు. 9,000 పౌన్లు ఎక్కువిస్తాను, బ్యాంకు అప్పు అక్కర్లేదు, రొక్కం సిద్ధంగా ఉంది అని.

ఆ రాత్రి ఎవరికీ అన్నం సయించలేదు. బావ కాగితం ముందు పెట్టుకున్నాడు. పెట్టాల్సిన చేతి డబ్బు 11,116. ఇప్పుడొచ్చేది 9,000. "దేవుడు పంపినట్టు లేదూ?" అన్నాడు. ఇంకో సంగతీ చెప్పాడు. పాత ఇల్లు అమ్ముడుపోకముందే కొత్తది చేతికొస్తే రెండో ఇంటి కింద అదనపు పన్ను కట్టాలి. అప్పట్లో అది నూటికి ఆరు. (2024 డిసెంబరు నుంచి ఎనిమిది చేశారు.) తర్వాత పాతది అమ్మాక వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, ముందు దాదాపు ఇరవై వేలు ఎక్కణ్ణుంచి తేవడం? ఆ టీచరుకి బ్యాంకు అప్పు ఆలస్యమైతే? "రేపు ఆవిడే తప్పుకుంటే మనం ఏం చేయగలం? చట్టం ఆవిణ్ణి ఆపదు. మనల్నీ ఆపదు. ఇందులో మోసమేముంది? చూడమ్మా, నువ్వే చెప్పు" అని నా వైపు తిరిగాడు.

మీ దగ్గర దాచడం ఎందుకు, నాకు బావ మాటే సబబనిపించింది. నవలల్లో ఆదర్శాలు వల్లించే మనిషినే. కానీ తొమ్మిది వేల పౌన్లని రూపాయల్లోకి మార్చి చూసేసరికి నా ఆదర్శం కాస్త సర్దుకు కూచుంది. "బావ చెప్పిందాంట్లో తప్పేముందక్కా?" అన్నాను.

అక్క వెంటనే ఏమీ అనలేదు. కంచాలు తీసింది. తర్వాత నెమ్మదిగా, "తెనాలి స్థలం సంగతి నీకు గుర్తుందా?" అంది.

నాకు గుర్తు లేదు, విన్నాను. 1998లో అక్క పెళ్ళి కుదిరినప్పుడు నాన్న తెనాలిలో ఉన్న కాస్త స్థలం అమ్మకానికి పెట్టారు. ఒక మాస్టారు బయానా ఇచ్చాడు. కాగితం లేదు, మాటే. పది రోజుల తర్వాత ఇంకొకళ్ళు నలభై వేలు ఎక్కువిస్తామన్నారు. నాన్న మాస్టార్ని పిలిపించి బయానా తిరిగి ఇచ్చేశారు. ఆ నలభై వేలతోనే అక్క పెళ్ళికి బంగారం కొన్నారు.

"వరండాలో నిలబడే డబ్బు తీసుకున్నాడే ఆయన. లెక్క కూడా పెట్టుకోలేదు. నేను గ్లాసుతో మంచినీళ్ళు తీసుకెళ్ళాను. తాగలేదు. 'మంచిదమ్మా' అని వెళ్ళిపోయాడు. కోపంగా అనలేదు, అదే నాకు..." అని ఆగిపోయింది అక్క. కాసేపయ్యాక, "ఆ టేపు కింద కొస పట్టుకున్నది నేనే. కొలుచుకోమని కర్టెన్లకి కొలతలిచ్చాను" అంది. అంతే. ఇంకో వాదన లేదు.

మర్నాడు లాయరు కూడా ఫోనులో ఒకమాట అన్నాడట. ఒకసారి సరేనన్న తర్వాత ఎక్కువ ధర వచ్చిందని మాట మార్చుకుంటే తాను ఈ పనిలోంచి తప్పుకోవాల్సి వస్తుంది, మీరు వేరే లాయర్ని చూసుకోవాలి అని. అక్కడ లాయర్ల సంఘం వాళ్ళకి పెట్టిన కట్టుబాటు అది. నాకు ఆశ్చర్యం వేసింది. చట్టం ఊరుకున్న చోట వృత్తి మర్యాద అడ్డు నిలబడుతోంది. చట్టానికి తెలియని ఒప్పందం ఒకటి ఉందని ఆ లాయర్లకీ తెలుసన్నమాట.

తర్వాత చాలా రోజులు నేను దీన్ని గురించే ఆలోచించాను. మనం మాటకి ఎప్పుడు కట్టుబడతాం? చట్టం ఆఖరి ఉత్తరం నాడంటుంది. ఒకప్పుడు అదే స్కాట్లండులో భూమి చేతులు మారాలంటే ఆ నేల మీదే నిలబడి పిడికెడు మట్టీ ఒక రాయీ చేతిలో పెట్టేవారట. 1845లో వచ్చిన చట్టంతో ఆ తంతు అక్కర్లేకుండా పోయింది. మట్టి పోయి కాగితం వచ్చింది. మంచిదే, కాగితం అబద్ధమాడదు. కానీ ఎదుటి మనిషి మన మాట నమ్మి, మన ఇంట్లో తన కర్టెన్లు ఊహించుకోవడం మొదలుపెట్టిన రోజు ఒకటుంటుంది. ఆ తేదీ ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. అది మనకీ వాళ్ళకీ మాత్రమే తెలుసు. మనం తప్పుకుంటే వాళ్ళు నష్టపోయేది డబ్బు కాదు కాబట్టి, ఏ కోర్టూ దానికి ఖరీదు కట్టదు.

"ఆవిడ కూడా తప్పుకోవచ్చుగా" అన్న బావ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు. నిజమే, తప్పుకోవచ్చు. అయితే ఎదుటివాళ్ళు మాట తప్పే అవకాశం ఉంది కాబట్టి ముందు మనమే తప్పేద్దాం అనుకుంటే, ఇక లోకంలో మాట అన్నదానికి అర్థమేముంటుంది? అందరం ఆఖరి ఉత్తరం కోసం కాచుకు కూచోవాలి.

ఇంకో ముల్లు కూడా ఉంది. నాన్న తప్పు చేశారా? ఈ ప్రశ్న నేను తేలిగ్గా దాటలేను. అక్కకి తొమ్మిది వేలు పోతే కొత్త వంటిల్లు రెండేళ్ళు వాయిదా పడుతుంది. నాన్నకి నలభై వేలు పోతే పెళ్ళే ఆగిపోయేదేమో. మాట నిలబెట్టుకోవడం ఉన్నవాళ్ళకి చవక, లేనివాళ్ళకి ప్రియం. ఈ సంగతి మర్చిపోయి నీతులు చెప్పేవాళ్ళంటే నాకు భయం. అందుకే నాన్నని నేను తప్పుపట్టను. కానీ ఒకటి మాత్రం తెలుసు. ఆ తర్వాత నాన్న స్టేషనుకి వెళ్ళాలంటే మాస్టారు ఉండే వీధిలోంచి కాక చుట్టు తిరిగి వెళ్ళేవారు. ఎందుకు నాన్నా ఇటు అని చిన్నప్పుడు అడిగితే, ఎండ తక్కువ అనేవారు. అవసరం తప్పుని క్షమించగలదు గానీ, చెరిపెయ్యలేదనుకుంటాను.

ఫ్లాటు టీచరుకే అమ్మారు. ఆఖరి ఉత్తరం రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఫోను మోగితే చాలు బావ మొహం పాలిపోయేది. తాళాలు చేతులు మారిన రోజు సాయంత్రం కొత్తింట్లో, పాత డొక్కు వంటింట్లోనే, అక్క మొదట దేవుడి పటాలు పెట్టి, తర్వాత ఇంగువ వేసి పప్పులోకి పోపు పెట్టింది. "ఈ పప్పు ఖరీదు తొమ్మిది వేల పౌన్లు" అన్నాడు బావ. అని, మారు వడ్డించుకున్నాడు.

ఇండియాకి తిరిగొచ్చాక ఈ కథంతా అమ్మకి చెప్పాను. నవ్వుతూ వింది. తెనాలి స్థలం మాట వచ్చేసరికి నవ్వు ఆగింది. ఇరవై అయిదేళ్ళు గడిచాయి, నాన్న కూడా లేరు, అమ్మకి ఎక్కడ గుర్తుంటుందిలే అనుకున్నాను.

"మంచినీళ్ళన్నా తాగి వెళ్ళలేదు గదే ఆయన" అంది అమ్మ.