బల్ల మీద ఇష్టం, టోపీ మీద ఇష్టం

హైటెక్ సిటీలో ఐకియా దుకాణాన్ని 2018 ఆగస్టు 9న తెరిచారు. మన దేశంలో వాళ్ళ మొదటి దుకాణం అదే. ఆ రోజు ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. మనం ఊళ్ళల్లో జెండాలు ఎగరేస్తుంటే అక్కడ జనం కుర్చీల కోసం బారులు తీరారు.

ఆ దుకాణం పేరు మీద మనస్తత్వ శాస్త్రంలో ఒక మాటే ఉంది, 'ఐకియా ప్రభావం' అని. మైకేల్ నార్టన్, ఆయన తోటి పరిశోధకులు 2012లో దాని మీద వ్యాసం ప్రచురించారు. ముక్కలు తెచ్చుకుని తన చేత్తో బిగించుకున్న పెట్టెకు మనిషి ఎక్కువ విలువ కడతాడట. అయితే పని పూర్తి కావాలి. సగంలో ఆగినా, కట్టింది విప్పేసినా ఆ ఇష్టం నిలవదు.

నా దగ్గర చదివిన పిల్లవాడొకడు మాదాపూర్‌లో గది తీసుకుని ఉంటున్నాడు. వాడి గదిలో అట్లాంటి బల్ల ఉంది. ఒక కాలు ఊగుతుంది. అమ్మెయ్యరా అంటే, "నేనే బిగించిన సార్, ఎట్ల అమ్ముత?" అన్నాడు. పరిశోధన నిజమే అనుకున్నాను.

అదే పిల్లవాడు దీపావళి ముందు ఫోన్ చేశాడు. దండారికి సెలవు ఇయ్యకపోతే ఉద్యోగం మానేస్తానన్నాడు. వాడి ఇంట్లో గుస్సాడీ టోపీ ఉంది, నెమలి ఈకలది. దాన్ని వాడు కట్టలేదు, వాళ్ళ తాత కట్టాడు. పూజ చేయకుండా దాన్ని తల మీద పెట్టుకోరు. అమ్మితే ఎంతొస్తుందని అడిగినవాడు మా వైపు లేడు. మరి చెయ్యి పెట్టని వస్తువు మీద ఇంత ప్రేమ ఎక్కడిది?

ఓజుల పని చూడండి. మట్టి బొమ్మ మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే వస్తువు బయటికొస్తుంది. చేసేది ఓజు, మొక్కేది ఇంకొకరు. కష్టం వల్లనే ప్రేమ పుడితే అది ఓజు దగ్గరే ఆగిపోవాలి కదా! శిల్పారామంలో ఇట్లాంటి బొమ్మల్ని బేరమాడి కొని అలమారలో పెట్టుకుంటారు. తప్పు పట్టను, ఓజు ఇంట్లో పొయ్యి వెలగాలి.

నాకు తోచేది, బల్ల "ఇది నాది" అనిపిస్తుంది. టోపీ "నేను వీళ్ళవాణ్ణి" అనిపిస్తుంది. పైగా గుస్సాడీ ఆట ఎన్నడూ పూర్తి కాదు. మార్లవాయి కనకరాజు ఏళ్ళ తరబడి దాన్ని నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయాడు. ఆట మాత్రం ఏటా మళ్ళీ మొదలవుతోంది.

వాణ్ణి చదివించి పట్నం పంపింది నేనే. ఉద్యోగం వదులుకొమ్మని నోరు రాలేదు, ఆగిపొమ్మని కూడా రాలేదు. తోటివాళ్ళతో పని మార్చుకుని చూడు అన్నాను. మార్చుకున్నాడు, వచ్చి ఆడాడు. రెండు రోజుల జీతం కోసుకున్నారట.