కిటికీలో కూర్చున్న కుర్రాడు

త్రోయ పట్టణంలో ఆ రాత్రి పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. తెల్లవారితే ఆయన ప్రయాణం. మేడగది నిండా దీపాలు, జనం. ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని వింటూ వింటూ నిద్రలోకి జారి, మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. అపొస్తలుల కార్యాలు 20వ అధ్యాయంలోని ఈ సంగతిని మన ప్రసంగీకులు గుడిలో కునికేవాళ్ళను హెచ్చరించడానికే ఎక్కువగా వాడుకుంటారు. ఆ గ్రంథం రాసిన లూకా మాత్రం ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు. ప్రసంగం మధ్యలో ఆపి పౌలు కిందికి దిగాడనీ, వాణ్ణి కౌగిలించుకున్నాడనీ, ప్రాణం ఉందని చెప్పి మళ్ళీ పైకి వెళ్ళి రొట్టె విరిచాడనీ రాశాడు.

మన యువత కూర్చున్నది కూడా ఆ కిటికీలోనే. పదో తరగతి దాకా సండే స్కూలు, సెలవుల్లో వి.బి.ఎస్. బైబిలు తరగతులు, డిసెంబరులో క్యారల్స్, క్రిస్మస్ నాటిక. ఇంటర్లో హాస్టల్ చేరగానే ఆదివారం కూడా పరీక్షల రోజవుతుంది. ఆ తర్వాత ఇంజనీరింగ్, ఆపైన హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం. మనవాడు అక్కడ ఏదో మందిరానికి వెళ్తుంటాడులే అని ఊరి సంఘం నిశ్చింతగా ఉంటుంది. వేలమంది కూడుకునే నగర మందిరంలో వాడు వచ్చాడో లేదో చూసే నాథుడుండడు. దేవుడి మీద కోపంతో మానేసినవాళ్ళు తక్కువ. రాలేదేమని ఎవరూ అడగలేదు కాబట్టి మానేసినవాళ్ళే ఎక్కువని నా నమ్మకం.

ఫోనులో ప్రసంగాలకు కొదవ లేదు. నచ్చిన ప్రసంగీకుణ్ణి ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మార్చేయవచ్చు. కానీ ప్రభువు బల్ల దగ్గర పక్కన మోకరించే మనిషిని మనం ఎంచుకోం. గిట్టనివాడి పక్కన మోకరించడం కూడా సంఘంలోనే నేర్చుకుంటాం.

ఊళ్ళోనే ఉన్న యువత సంగతి వేరు. కమిటీ ఎన్నికల్లో పెద్దల కుమ్ములాటలు, ఆస్తుల మీద కోర్టు కేసులు వాళ్ళ కళ్ళ ముందే నడుస్తాయి. ప్రశ్న అడిగితే విశ్వాసం తక్కువంటారు. కీబోర్డు వాయించడానికీ, కుర్చీలు సర్దడానికీ వాళ్ళు కావాలి. కానుకల లెక్క చూడటానికి మాత్రం ఇంకా చిన్నపిల్లలే.

బయటికి చెప్పుకోని కారణం ఇంకొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఈ ఉత్తర్వులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర వాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. సంఘ రిజిస్టరులో పేరుంటే ఉద్యోగానికి చేటని భయపడి ఇంట్లోనే ప్రార్థన చేసుకునే యువత ఉంది. వాళ్ళను పిరికివాళ్ళని వేదిక మీద నుంచి తిట్టడం సులువు. ఆ భయం వెనుక ఒక కుటుంబం బతుకుందని తెలిసినవాడు అలా తిట్టలేడు.

కొత్తవాళ్ళను నమ్మి పని అప్పగించడం దోర్నకల్ అజరయ్యగారి దగ్గర నేర్చుకోవాలి. ఆయన 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనిపించేవారు. అక్షరం రాని పల్లె కూలీ కూడా ఆ రోజు నుంచే సంఘం పనిలో ఉన్నట్టు. మనం డిగ్రీలు చదివిన పిల్లల్ని పదేళ్ళపాటు వెనుక బెంచీలో కూర్చోబెట్టి, వాళ్ళు లేచి వెళ్ళిపోయాక వాక్యం మీద ఆకలి లేదని బాధపడుతున్నాం.

సంఘ పెద్దలారా, ఈ వారం రిజిస్టరు తీయండి. ఊరు వదిలిన పిల్లల పేర్లు రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. గుడికి వెళ్తున్నావా అని మొదలుపెట్టకండి, ఒంట్లో ఎలా ఉందని అడగండి. వాళ్ళున్న చోట తెలిసిన పాస్టరుగారుంటే ఆయనకు వాళ్ళ నంబరు ఇవ్వండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక మాట. మీ గదికి దగ్గర్లో, ఒక ఆదివారం మీరు రాకపోతే గుర్తుపట్టేంత చిన్న సంఘాన్ని వెతుక్కోండి. పాటలు అంత బాగుండకపోయినా సరే, అందులో చేరండి.