పానశాలకు ప్రభువెవడు?

మానవుని బలహీనతవలన వచ్చెడి ధనము సత్కార్యమునకు వినియోగింపబడినచో శుద్ధమగునా? ఈ ప్రశ్న పండితులు తీరికవేళల చర్చించుకొనవలసినది మాత్రమే కాదు. బ్రిటను దేశపు గ్రామములలోని పానశాలల చరిత్ర యంతయు నీ ప్రశ్నకు జనులు తమ నడవడిచే చెప్పిన ప్రత్యుత్తరముల పరంపరయే. మద్యమును నిరసించువారు సైతము దీనిని తెలిసికొనుట మేలు; వ్యాధిమూల మెరుగని వైద్యుడు చికిత్స చేయజాలడు గదా.

ఇంగ్లీషువారు పానశాలను నడపువానిని ల్యాండ్‌లార్డు, అనగా భూస్వామి, అని పిలుతురు. కాని పెక్కుచోట్ల నాతడు నిజముగా స్వామి కాడు. 1552వ సంవత్సరపు శాసనమువలన బీరు అమ్మువాడు న్యాయాధికారుల యనుజ్ఞ పొందవలసినవాడయ్యెను. 1830లో పార్లమెంటువారు ఈ కట్టును సడలించి, పన్ను చెల్లించు గృహస్థు డెవ్వడైనను రెండు గినీలు కట్టి తన యింటనే బీరు అమ్ముకొనవచ్చుననిరి. జనులు తీవ్రమైన జిన్ను మాని బీరునకు మరలుదురని వారి యాశ. కొలదికాలములోనే వేలకొలది బీరుటిండ్లు వెలసినవి. 1869లో ఆ యధికారమును మరల న్యాయాధికారులకే యప్పగింపవలసివచ్చెను. అటుపిమ్మట బీరు తయారుచేయు కంపెనీలు పానశాలలను పెక్కింటిని కొని, తమ సరకునే యమ్మవలెనను నిబంధనతో అద్దెకిచ్చినవి. ద్వారముపైని పేరు ఒకనిది, ఇల్లు వేరొకనిది.

ఈ యద్దెదారుని దుర్మార్గునిగా వర్ణించుట న్యాయము కాదు. అతడు తన గ్రామస్థుల నందరను పేరుపేరున నెరిగినవాడు. ఎవని యింట బిడ్డ జబ్బుపడినదో, ఎవని జీతము తెగినదో అతనికి తెలియును. "ఇక చాలును, ఇంటికి పొమ్ము" అని చెప్పుటకు వానికి మనసుండవచ్చును. కాని ప్రతి గ్లాసునకును వాని రాబడి పెరుగుచుండెను. నెల తిరిగినచో అద్దె కట్టవలసియుండెను. మంచివానికి గూడ పొరుగువాని పతనమువలన లాభము కలుగునట్లేర్పడిన వ్యవస్థ, ఆ మంచితనమును దినదినమును పరీక్షించుచుండును. పరీక్ష నిత్యమైనప్పుడు ఓటమి యాశ్చర్యము కాదు.

స్వీడను దేశములోని గోటెన్‌బర్గు పట్టణమువారు 1865లో దీనికొక యుపాయమును కనుగొనిరి. మద్యవిక్రయమును ఒక సంఘమున కప్పగించి, వాటాదారులకు మితమైన వడ్డీ మాత్రమే యిచ్చి, మిగిలిన లాభమును పురజనుల మేలునకు వెచ్చించుటయే యా పద్ధతి. స్కాట్లండులోని బొగ్గుగనుల గ్రామములు దీనిని గైకొన్నవి. అచ్చట నట్టి పానశాలలకు "గోత్" లని పేరు. వాటాదారులకు నూటి కైదుకు మించి ముట్టగూడదు. పానశాలను నడపువాడు జీతగాడు.

మిడ్‌లోథియను ప్రాంతమున న్యూటన్‌గ్రేంజి గ్రామములో 1899లో నెలకొన్న డీన్ టావర్న్ ఇట్టిదే. దాని లాభముచే ఆటస్థలములు మొదలగు గ్రామసౌకర్యము లేర్పడినవి. ఇంతవరకు ప్రశంసనీయమే. కాని యా గ్రామ మెవరిది? లోథియన్ కోల్ కంపెనీది. గని వారిది, గనివారి యిండ్లు వారివి. వీథులకు పేర్లుగాక మొదటి వీథి, రెండవ వీథి యని యంకెలు మాత్రమే యుండెను. 1939లో మరణించువరకు గనుల నిర్వాహకుడైన మంగో మెకే, తప్పుచేసిరని తోచినవారిని తన కార్యాలయములోని పచ్చబల్ల యెదుటికి పిలిపించి విచారించెడివాడు. కంపెనీ యిచ్చిన జీతమే కంపెనీ నెలకొల్పిన పానశాలకు చేరి, అచ్చటనుండి యుపకారరూపమున తిరిగి వచ్చుచుండెను. శ్రామికుడు తన చెమటతో కొన్న పచ్చికబయలునకు తానే కృతజ్ఞత చెప్పవలసినవాడయ్యెను!

ఇందు రెండు విషయములను వేరుచేసి చూడవలెను. అమ్మువాని జీతమునకును త్రాగువాని గ్లాసునకును గల సంబంధమును త్రెంచుట గొప్ప సంస్కారము. 1916 మొదలు 1973 వరకు బ్రిటిషు ప్రభుత్వము కార్లైల్ ప్రాంతమున పానశాలలను తానే నడపినప్పుడు గూడ ఈ సూత్రమునే పాటించెను. మద్యము హెచ్చుగా అమ్మినందులకు నిర్వాహకునికి కమీషను లేదు. కాని లాభమును సత్కార్యములకు ముడివేయుట వేరొక విషయము. ఉద్యానమునకు ధనము కావలెనన్న త్రాగుడు సాగవలెను. ఇంతకుమున్ను ఒక్కని కుండిన యాశ యిప్పుడు ఊరందరిదగును. ఒక్కని లోభమును నిందింపవచ్చును గాని, ఊరివారి లోభము పుణ్యమను పేరు దాల్చినప్పుడు దానిని నిందించు వాడెవడు?

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభమైన పిమ్మట, తగ్గిన రాబడిని పూరించుకొనుటకు 1939లో అమ్మకపు పన్ను విధింపవలసివచ్చెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాకు వ్యతిరేకముగా లేచిరి. 1993లో సారాయు, 1995లో సర్వమద్యములును నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలింపబడినప్పుడు ఖజానా లోటే ముఖ్యమైన వాదముగా వినబడినది. పాఠశాలకును వైద్యశాలకును సీసానుండి ధనము వచ్చునని నమ్మిన ప్రభుత్వము, తానే పెద్ద ల్యాండ్‌లార్డగుచున్నది.

అయిన పానశాలలో మద్యముదప్ప వేరేమియు లేదా? ఉత్తర యార్క్‌షైరులోని హడ్స్‌వెల్ గ్రామమున జార్జ్ అండ్ డ్రాగన్ అను పానశాల 2008లో మూతపడగా, గ్రామస్థులు వాటాలు వేసికొని దానిని కొని 2010లో తిరిగి తెరచిరి. అందు చిన్న గ్రంథాలయమును, అంగడిని గూడ నుంచిరి. వారు కోలుపోయినదేదో దీనివలన స్పష్టమగుచున్నది. బీరును సీసాలలో నెచ్చటనైనను కొనవచ్చును. కలసి కూర్చుండుటకు వెచ్చని గది, పలుకరించుటకు పొరుగువాడు — ఇవి మాత్రము కొన దొరకవు. ఇంతకాలము గ్రామము కోరినది ఈ కూటమును. మద్యము దానికి చెల్లించిన యద్దె.

కావున సంస్కర్తలు గ్రహింపవలసిన దిది: అంగడి తలుపు మూయించుట సగము పని మాత్రమే. దినమంతయు కష్టించిన మనుజుడు సాయంకాలమున ఎచ్చట కూర్చుండునను ప్రశ్నకు ఉత్తరము చెప్పనివాని బోధ వినబడదు. రచ్చబండను బాగుచేసి, దీపము పెట్టి, పత్రికలుంచి, దాని వ్యయమును గ్రామస్థులు తెలిసి, లెక్కచూచి, తమ చేతులతో భరింపవలెను. మంచిపని యొక్క వెల మంచివారే యిచ్చుకొనవలెను. దానిని త్రాగుబోతు నింటి పిల్లలచే నిప్పించుట ధర్మము కాదు. దానికి ధర్మమని పేరు పెట్టుట యంతకంటెను గొప్ప యధర్మము.