తలుపు దగ్గర కూర్చున్న పాప



మా విచారణలో ఒక కుటుంబం ఉంది. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి, తల్లి పంతులమ్మ. వారి అమ్మాయి రెండేళ్ళప్పుడు దత్తత ద్వారా ఆ ఇంటికి వచ్చింది. ఇప్పుడు పన్నెండేళ్ళు. ఏటా ఆమె వచ్చిన తేదీకి ముగ్గురూ కిరండూల్ బండెక్కి టైడాలో దిగుతారు. అడవిలో టూరిజం వారి చెక్క ఇళ్ళున్నాయి గదా, అక్కడ ఒక రాత్రి గడుపుతారు. చుట్టాలుండరు, కేకు ఉండదు. బొంగులో చికెను, కాసిన్ని కబుర్లు, జపమాల. అంతే పండుగ.

ఈసారి నాయనమ్మ అడ్డు చెప్పింది. "కన్నబిడ్డలకు ఇలాంటి పండుగ ఎవరైనా చేస్తారా? పిల్ల మరచిపోవలసినదాన్ని మీరే ఏటా తవ్వి తీస్తున్నారు" అన్నది. "మీరేమంటారు ఫాదర్?" అని ఆ తండ్రి నా దగ్గరకు వచ్చారు.

నిజం చెప్పాలంటే మొదట నేను నాయనమ్మ పక్షమే. పుట్టినరోజుంది, జ్ఞానస్నానం రోజుంది. మూడో రోజెందుకు? అదీగాక మన దగ్గర దత్తత అన్నమాటకు పాత వాసనలున్నాయి. మా పద్మనాభం కొండ కింద 1794 జూలై 10న కుంపిణీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన విజయనగరం రాజు చినవిజయరామరాజు దత్తపుత్రుడే. గద్దెకు వారసుడు కావాలి, అందుకు చిన్నవాణ్ణి తెచ్చుకున్నారు. పాలన మాత్రం చాలాకాలం అన్న సీతారామరాజు చేతిలోనే నడిచింది. అక్కడ దత్తత వంశం కోసం. మన ఇళ్ళలో వంశం మాట తగ్గి పుణ్యం మాట వచ్చింది. "దిక్కులేని పిల్లను తెచ్చి పుణ్యం కట్టుకున్నారు" అని మా దేవాలయం మెట్ల మీదే నేను విన్నాను. మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఆ మాట పిల్ల చెవిన పడితే ఆమె ఆ ఇంట్లో బిడ్డ కాదు, బాకీదారు. పండుగ కూడా ఆ బాకీని ఏటా చదివి వినిపించేదైతే మానుకోవడమే మేలు.

అందుకని ఆ తండ్రిని ఒకటే అడిగాను: "ఆ రాత్రి అమ్మాయికి ఏం చెబుతారు?"

"మా భయం చెబుతాం ఫాదర్. మొదటి రాత్రి ఆమె అన్నం ముట్టలేదు, ఏడవలేదు. పోయి వీధి తలుపు దగ్గర కూర్చుంది. ఎత్తుకుంటే జారి మళ్ళీ అక్కడికే పోయేది. ఏం చేయాలో మాకు తెలియలేదు. చివరికి మా ఆవిడ చాప తెచ్చి తలుపు దగ్గరే వేసింది. ముగ్గురం అక్కడే పడుకున్నాం."

నా అభిప్రాయం అక్కడ మారింది. వాళ్ళు చెప్పుకునేది తమ ఉపకారం కాదు, తమ చేతకానితనం. దేవుని దత్తతకూ మనిషి దత్తతకూ గల తేడా పునీత తోమాసు అక్వినాసు ఒకచోట చెప్పారు. మనిషి తగినవాణ్ణి చూసి తెచ్చుకుంటాడు, దేవుడు తెచ్చుకొని తగినవాణ్ణి చేస్తాడు. సెమినరీలో పరీక్ష కోసం బట్టీపట్టిన మాట అది. ఈ ఇంట్లో చూస్తే, ఆ చాప మీద తల్లిదండ్రులుగా తగినవాళ్ళయింది ఆ ఇద్దరే. మరి అది వాళ్ళకు పుట్టినరోజే గదా!

కానీ నాయనమ్మ ఊరికే అనలేదు. క్రిందటేడు ఆ కథ విని నవ్వే అమ్మాయి ఈ ఏడు నవ్వలేదట. "అమ్మా, నేను ఎవరి కోసం చూస్తూ కూర్చున్నాను?" అని అడిగిందట. అది ముసలామె విన్నది.

దీనికి జవాబు నా దగ్గర లేదు. దాచడం మాత్రం జవాబు కాదు. ఒకప్పుడు దాచడానికి కొంత కారణముండేది. 1956 చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే దత్తత హక్కు ఇచ్చింది. మనం 1890 చట్టం కింద సంరక్షకులం మాత్రమే. బిడ్డ మేజరైతే కాగితం మీద బంధం ముగిసేది. ఆ భయం 2000 నాటి బాలల న్యాయ చట్టం, దాని 2006 సవరణతో తీరింది. ఏ మతంవారైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. పౌరచట్టం ప్రకారం దత్తతైన బిడ్డ ఆ తల్లిదండ్రుల బిడ్డే అని శ్రీసభ ధర్మశాస్త్రం 110వ సూత్రం. బంధం గట్టిదైనప్పుడు నిజానికి భయపడనక్కరలేదు.

పునీత లూకా సువార్తలో బాలయేసుకు కూడా పన్నెండేళ్ళే. మూడు రోజులు వెదికి దేవాలయంలో కనుగొన్నాక, తల్లి "నీ తండ్రి" అని జోజప్పగారిని చూపి అడిగితే, బాలుడు తన వేరే తండ్రి ఇంటి మాట చెప్పాడు. జోజప్పగారి మనసులో ఏమి కదిలిందో! ఆయన ఒక్క మాట అన్నట్టు సువార్తలో లేదు. బాలుణ్ణి వెంటబెట్టుకొని నజరేతుకు నడిచారు.

నేను చెప్పింది ఇంతే: వెళ్ళాలో వద్దో అమ్మాయినే అడగండి, ఆ రోజు ఆమెది. వద్దంటే మానేయండి, నొచ్చుకోకండి. వెళ్తే ఆమె ప్రశ్నను కూడా వెంట తీసుకెళ్ళండి.

అడిగారట. "వెళ్దాం, నాయనమ్మ కూడా రావాలి" అన్నదట. మోకాళ్ళ నొప్పులని ముసలామె కాసేపు బెట్టు చేసి, చివరికి బండెక్కింది. ఆ రాత్రి చెక్క ఇంటి గుమ్మంలో జపమాల చెప్పుకొన్నారు. చివరి పదిమరియలు, ఎవరూ అడగకుండానే, ఈ పిల్లను కన్న తల్లి కోసం అని నాయనమ్మే మొదలుపెట్టిందట.