దిగుతుంటే నిండే బండి

కొండ ఎక్కడానికి ఉన్న కీర్తి దిగడానికి లేదు. మొక్కుకునేది ఎక్కుతామనే. మెట్లకు పసుపు కుంకుమ పెట్టేది ఎక్కేటప్పుడే, గోవింద నామం గొంతెత్తి పలికేదీ అప్పుడే. దిగేటప్పుడు ఒళ్లో లడ్డూల సంచి, కళ్ల మీదికి ముంచుకొచ్చే నిద్ర, కిటికీ పక్క సీటు దొరకనివాళ్లకు కడుపులో తిప్పడం. దిగుడు గురించి ఊరికెళ్లి ఎవరూ చెప్పుకోరు. ఎలక్ట్రిక్ కారు చేతికొచ్చాక నాకు ఆ లెక్క తిరగబడింది. తిరుమల ఎక్కేది స్వామి కోసం. దిగేది మాత్రం, నిజం చెప్పొద్దూ, మీటరు కోసం.

కిందికి దిగే రోడ్డు పాతది. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు అదే. 1974లో రెండోది వచ్చాక ఎక్కేవాళ్లు దాని మీద, దిగేవాళ్లు దీని మీద. ఒకదాని మీద ఒకటి మడతలు పడ్డ మలుపులు, పక్కన పిట్టగోడ, పిట్టగోడ అవతల తిరుపతి ఊరంతా పరిచినట్టు. పైకీ కిందికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం. అంతకన్నా ముందే అలిపిరిలో తేలితే జరిమానా. ప్రమాదాలు జరక్కుండా పెట్టిన రూలే గానీ, ఎలక్ట్రిక్ బండికి ఇంతకన్నా అనుకూలమైన రూలు ఇంకెవరూ పెట్టలేదు.

పైన టోల్‌గేటు దాటి మొదటి వాలులోకి వచ్చాక యాక్సిలరేటర్ మీద నుంచి పాదం ఎత్తుతాను. అంతే. బ్రేకు జోలికి పోను. పెట్రోలు బండి న్యూట్రల్‌లో ఉంటే ఈ పాటికి పరుగు అందుకునేది. ఇది తనంతట తనే తగ్గుతుంది. డాష్‌బోర్డు మీద పట్టీ మధ్యగీత దాటి ఎడమకు, ఆకుపచ్చలోకి ఒరుగుతుంది. 6 కిలోవాట్లు, 11, 17. వాలు మెత్తబడ్డ చోట 4. హెయిర్‌పిన్ మలుపు ముందు మళ్లీ 15. చక్రాల వైపు నుంచి సన్నని ఈల ఒకటి వినిపిస్తుంది, చెవి రిక్కిస్తేనే. మూలనున్న బ్యాటరీ అంకె 61 దగ్గర కాసేపు తటపటాయించి 62 అవుతుంది. ఆ ఒక్క అంకె మారడం చూడ్డానికి నేను పాట కూడా ఆపేస్తాను.

మొదటిసారి ఇలా దిగుతున్నప్పుడు వెనక సీట్లోంచి మా పెద్దమ్మ కంగారు పడింది.

“ఒరే, బండి ఆఫ్ చేశావా ఏంట్రా? చప్పుడే లేదు!”

“ఆఫ్ చేయలేదు పెద్దమ్మా, ఛార్జవుతోంది.”

“నడుస్తుంటే ఛార్జేంట్రా? ప్లగ్గు ఎక్కడ పెట్టావు?”

“కొండకే పెట్టాను.”

ఆమె కంగారుకు కారణం ఉంది. పెదనాన్న అంబాసిడర్ తోలిన రోజుల్లో పెట్రోలు మిగులుతుందని ఘాట్‌లో ఇంజను ఆపేసి దించేవారు. ప్రాణాల మీదికి తెచ్చే పొదుపు అది. ఇంజను ఆపి వదిలేస్తే బండిని పట్టుకునేది బ్రేకు ఒక్కటే. తెలిసిన డ్రైవరైతే సెకండ్ గేర్లో వేసి దించేవాడు, ఇంజనే బండిని పట్టుకునేది. తెలియనివాడు బ్రేకు తొక్కుతూ తొక్కుతూ వచ్చేవాడు. సగం కొండ దిగేసరికి లైనర్లు కాలిన వాసన. అలిపిరి దగ్గర ఆగి ముందు చక్రాల మీద నీళ్లు గుమ్మరిస్తే బుస్సుమని ఆవిరి లేచేది.

ఆ ఆవిరి గురించి కాస్త ఆలోచించండి. పైకి ఎక్కించడానికి పోసిన పెట్రోలులో, ఇంజను తన వేడికి తిన్నది తినగా, కొంత భాగం బండిని 700 మీటర్ల ఎత్తున నిలబెట్టింది. ఆ ఎత్తు ఒక ఆస్తి. దాన్ని బ్రేకులు చక్రాల దగ్గర రుద్ది రుద్ది వేడిగా మార్చి గాల్లో కలిపేసేవి. నూరేళ్లకు పైగా, లోకంలోని ప్రతి కొండ మీదా, ప్రతి పెట్రోలు బండీ చేసిన పని ఇదే.

ఆస్తి ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. నలుగురు మనుషులతో కలిపి బండి బరువు 1800 కిలోలు అనుకుందాం. ఎత్తు 700 మీటర్లు. హైస్కూలు సూత్రంతో గుణిస్తే దాదాపు మూడున్నర యూనిట్లు, మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. అందులో టైర్ల రాపిడికీ గాలికీ ఒక యూనిట్ పైన పోతుంది. మోటారు, వైర్లు, బ్యాటరీ ఎవరి వాటా వాళ్లు తీసుకున్నాక ఇంచుమించు ఒకటిన్నర యూనిట్లు చేతికొస్తాయి. ఎక్కడానికి అయిదు యూనిట్ల దాకా ఖర్చయిన మాట నిజమే. కొండ మనకేమీ ఉచితంగా పెట్టడం లేదు, తీసుకున్నదాంట్లో కొంత తిరిగిస్తోంది. అయినా ఆ ఒకటిన్నరను తక్కువ చేయకండి. మామూలు సీలింగు ఫ్యాను ఇరవై గంటలు తిరుగుతుంది దాంతో. నలభై నిమిషాల్లో అంత వచ్చిందంటే, ఇంట్లో గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చేదాంట్లో సగానికి పైనే. పెద్దమ్మకు చెప్పిన జవాబులో అబద్ధం లేదు.

ఇదంతా ఎలా జరుగుతుందో తెలిశాక నా ఆశ్చర్యం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. ఛార్జింగు కోసం కారులో వేరే డైనమో ఏదీ పెట్టలేదు. పైకి ఈడ్చుకెళ్లిన మోటారే కిందికి దిగేటప్పుడు జనరేటరు. కరెంటిస్తే తిరుగుతుంది, తిప్పితే కరెంటిస్తుంది. ఈ జంట గుణం మనుషుల కంట పడటం వెనక ఒక ముచ్చట చెబుతారు. 1873లో వియన్నా ప్రదర్శనలో గ్రామ్ అనే ఆయన తయారుచేసిన డైనమోలు పెట్టారట. ఒకటి ఆవిరి యంత్రంతో తిరుగుతూ ఉంది. రెండో దాని తీగలు మొదటి దానికి తగిలేసరికి, ఏ ఆవిరీ లేకుండానే రెండోదీ గిరగిరా తిరగడం మొదలుపెట్టిందట. కరెంటు పుట్టించే యంత్రమే కరెంటుతో పనీ చేస్తుందని అక్కడున్నవాళ్లు నోళ్లు తెరిచారు. ఫారడే 1831లో తీగచుట్టలో కరెంటు పుట్టించిన నలభై ఏళ్ల తరవాతి మాట ఇది.

మరి బండిని పట్టుకుంటున్నది ఏమిటి? పాత సైకిలుకు డైనమో ఉన్నవాళ్లకు కాళ్లకే తెలుసు. సీసా ఆకారంలో ఉండే ఆ డైనమోను టైరుకు ఆనిస్తే లైటు వెలిగేది, ఆ క్షణం నుంచే తొక్కడం బరువయ్యేది. పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డు పడుతుంది. 1834లో లెంజ్ అనే శాస్త్రవేత్త దీన్ని సూత్రంగా చెప్పాడు. వెన్న పడే వేళకు కవ్వం బరువెక్కుతుంది చూడండి, చేతికి తెలిసే ఆ బరువే లోపల వెన్న ఉందనడానికి గుర్తు. ఘాట్‌లో నా కారుకు తగిలే అడ్డు అదే. ఆపుతున్న బలమూ బ్యాటరీలో చేరుతున్న కరెంటూ వేరు వేరు కావు. ఎంత గట్టిగా ఆపితే అంత దండిగా వెన్న.

ఇనుమూ రాగీ అయస్కాంతమూ చేసే పని ఇంతే. అయితే దాన్ని కుదుపు లేకుండా చేయిస్తున్నది సాఫ్ట్‌వేరు. మోటారుకూ బ్యాటరీకీ మధ్య ఇన్వర్టరు అనే డబ్బా ఉంటుంది. అందులోని స్విచ్చులు సెకనుకు కొన్ని వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. నా పాదం ఒక వెంట్రుకవాసి లేచిందా, ఎంత అడ్డు వేయాలో అది లెక్క కట్టేస్తుంది. రోడ్డు తడిగా ఉండి చక్రం జారబోతే చప్పున వదిలేస్తుంది. వేగం తగ్గడం ఒక హద్దు దాటితే, నేను బ్రేకు తొక్కకపోయినా, వెనకున్న బండివాడి కోసం ఎర్రలైటు వెలిగిస్తుంది. బ్యాటరీ చల్లగా ఉంటే తక్కువ పుచ్చుకుంటుంది. ఈ మర్యాదలన్నీ ఎక్కడో కూర్చుని ఎవరో రాసిన కోడు. వాళ్లలో మనవాళ్లూ కొందరు ఉండే ఉంటారు, శేషాచలం మలుపులు చూసినవాళ్లో చూడనివాళ్లో. వాళ్ల పని బాగుందనడానికి రుజువు మా పెద్దమ్మే. ఛార్జింగు సంగతి తేలాక రెండు మలుపులు తిరిగేలోపు ఆమె నిద్రపోయింది, మెడ ఒక్కసారి కూడా వాలిపోకుండా.

2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ, తిరుపతి తిరుమల మధ్య ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. కారుదే ఇంత ఆస్తి అయితే బస్సుది ఎంత! పన్నెండు టన్నుల బస్సు ఆ ఎత్తు దిగితే, నష్టాలు తీయకముందు, 23 యూనిట్ల లెక్క. అలాంటి బస్సులో ముందు సీటు దొరికినప్పుడు నా కళ్లు డ్రైవరు కాలి మీదే. కాలు ఎత్తుతాడు, బస్సు అణుకువగా తగ్గుతుంది. అడక్కుండా ఉండలేకపోయాను.

“బ్రేకు తొక్కే పని శానా తగ్గింది సామీ,” అన్నాడు, మలుపు మీంచి చూపు తిప్పకుండానే. “డీజిల్ బండయితే సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి. ఇదైతే కాలెత్తితే సాలు, అదే నిలబడతాది.”

ఈ విద్య మొన్న మొన్నటిది కాదు, రైళ్లది. మన విశాఖ వైపు చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు కొత్తవలస–కిరండూల్ లైను మీద తూర్పు కనుమలు దిగి సముద్రం దాకా వస్తాయి. ఆ లైను మీది శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. వేల టన్నుల బరువు అంత ఎత్తు నుంచి దిగుతుంటే పట్టుకోవడం ఎంత పనో! పాతకాలం ఇంజన్లు మోటార్లతో బండిని పట్టినా, పుట్టిన కరెంటును ఇంజను మీదే రెసిస్టర్లలో కాల్చేసేవి. తరవాత వచ్చిన త్రీఫేజ్ ఇంజన్లు దాన్ని తలమీది తీగలోకే తిరిగి పంపగలవు. ఢిల్లీ మెట్రో బ్రేకు వేసినప్పుడల్లా పుట్టే కరెంటును పక్క రైలుకు అందించి, దానికి ఐక్యరాజ్యసమితి పథకం కింద కార్బన్ క్రెడిట్లు కూడా సంపాదించింది.

వీటన్నిటిలో నాకు కన్నుకుట్టేది మాత్రం స్విట్జర్లాండులోని ఒక టిప్పరు మీద. సిమెంటు కంపెనీ క్వారీలో తిరుగుతుంది, డీజిల్ టిప్పరును ఎలక్ట్రిక్‌గా మార్చారు. క్వారీ పైన ఉంది, ఫ్యాక్టరీ కింద. ఖాళీగా 45 టన్నులతో ఎక్కుతుంది, 65 టన్నుల రాయి నింపుకుని దిగుతుంది. దిగేటప్పుడు బరువు రెట్టింపు దాటింది కాబట్టి, దిగుడులో దొరికిన కరెంటుతోనే మళ్లీ ఎక్కేస్తుంది. ప్లగ్గు పెట్టే అవసరం దాదాపు లేనే లేదు. మన తిరుమల యాత్రికుడి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఎక్కేటప్పుడు తలనిండా జుట్టు, ముడుపుల మూట. దిగేటప్పుడు గుండూ, ఖాళీ జేబులూ. లడ్డూలు ఎన్ని కొన్నా ఆ తూకం సరిపోదు.

ఇంత మంచి విద్యకూ ఒక లోపం ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇది పని చేయదు. నిండిన కుండలో పోసే చోటేదీ? కొండమీద వసతి గృహం దగ్గర రాత్రంతా ఛార్జింగు పెట్టి, పొద్దున 100 చూసుకుని మురిసి, దిగడం మొదలుపెడితే బండి పాతకాలపు బండే అవుతుంది. పాదం ఎత్తితే తగ్గదు, మామూలు బ్రేకే దిక్కు. అందుకే కొండల్లో తిరిగే ఎలక్ట్రిక్ బండివాళ్లు పైన పూర్తిగా నింపరు, కాస్త ఖాళీ ఉంచుకుంటారు. ఇంకో సంగతి. బ్రేకు వాడకం తగ్గేసరికి డిస్కులకు తుప్పు పడుతుంది. వర్షంలో తడిసిన మర్నాడు చక్రం సందులోంచి చూస్తే నారింజ రంగు పొర కనిపిస్తుంది. మెకానిక్కులు వారానికి ఒకసారైనా బ్రేకు గట్టిగా తొక్కమంటారు. పని లేక తుప్పు పట్టే బ్రేకులు! ఆ వాసనా ఆ ఆవిరీ చూసిన పెదనాన్నకు చెబితే నమ్మేవారా?

దీనికి వేదాంతం అంటగట్టమని నన్ను కొందరు స్నేహితులు ఎగదోస్తారు, కొండా ఉంది, దేవుడూ ఉన్నాడు కాబట్టి. నాకు మాత్రం ఆ పట్టీ ఎడమకు ఒరగడమే చాలు. రోడ్డు మ్యాపు చూసే తీరే మారిపోయింది నాకు. ఊళ్ల మధ్య దూరం కన్నా ఎత్తులు వెతుకుతున్నాను. వచ్చే నెల అరకు. అక్కడి నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగే రోడ్డు ఇప్పటిదాకా బస్సులో నిద్రపోతూ దిగినదే. బస చేసే చోటివాళ్లు కారుకు రాత్రంతా ప్లగ్గు ఇస్తామన్నారు. 85 దగ్గర ఆపేయండి, పొద్దున దిగాలి అని చెప్పాను.