పాత యజమాని బాకీ

ఆంధ్రదేశం నుండి ఉద్యోగరీత్యా వచ్చి, ఇటీవల మా నాటాల్ ప్రాంతంలో ఇల్లు కొనుక్కొన్న యువదంపతులు నీళ్ళ బిల్లు పట్టుకొని మా సాయంకాలపు తరగతికి వచ్చారు. అందులో సింహభాగం పాత యజమాని చెల్లించక విడిచిన బాకీ. అది తీరిస్తేనే కరెంటు ఖాతా వారి పేరుకు మారుస్తామన్నారట.

కట్టనక్కరలేదని చెప్పాము. అమ్మకానికి ముందటి రెండేళ్ళ బకాయిలు తీరనిదే ఇక్కడ ఇల్లు పేరు మారదు. అంతకంటె పాత బాకీకి కొత్త యజమాని బాధ్యుడు కాడని 2017లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఇతరుల బాకీ మోయడమంటే ఏమిటో మా వంశాలకు తెలుసు. ఒప్పందపు కూలి గడువు ముగిసినా స్వదేశానికి మరలని మా పెద్దలపై 1895 చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను విధించింది. 1903లో దానిని వారి పిల్లలకూ వర్తింపజేశారు. 1914లో రద్దయ్యేవరకు, తండ్రి ఓడ ఎక్కి వచ్చినందుకు బిడ్డ కూడా చెల్లించవలసి వచ్చింది.

అయినా ఒక సందేహం మమ్మల్ని వదలలేదు. పెద్దల అప్పు మాది కాదంటాము. వారు చెమటోడ్చి కట్టిన ఈ గుడి మాత్రం మాదే అంటాము. ఇందులో న్యాయమెంత?

దంపతులకు ఖాతా దొరికింది. వారి పెరట్లో పాత యజమాని నాటిన మామిడి ఈ ఏడు విరగకాసింది. మొన్న మాకూ నాలుగు పళ్ళు తెచ్చారు. వద్దనలేకపోయాము.