ఉప్పుటేరు లేని కొల్లేరు

ఏలూరులో తమ్మిలేరు గట్టుకు దగ్గర్లో ఒక ఇల్లుంది. ఆ ఇంటి కోడలు పొదుపరి. మెతుకు పారేస్తే పాపమని నమ్మే మనిషి. సంక్రాంతికి ఇంట్లోకి పెద్ద ఫ్రిజ్ వచ్చింది. ఇక ఏదీ పాడవదన్న ధీమాతో వచ్చిందల్లా అందులోకి సర్దడం మొదలుపెట్టింది. తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి బస్తాగా తెచ్చిన ఉల్లిపాయల్లో కొన్ని, మొన్నటి పప్పు, అటుమొన్నటి సాంబారు, రాత్రి మిగిలిన అన్నం, ఎవరింటి పేరంటంలోనో ఇచ్చిన మిఠాయిలు. కొన్నాళ్లకు తలుపు మూయాలంటే మోకాలితో నెట్టాల్సి వచ్చేది.

వైశాఖంలో మామగారు కైకలూరు నుంచి వచ్చారు. చేపల చెరువుల దగ్గర ఏళ్ల తరబడి ప్యాకింగ్ పని చేసిన మనిషి. వస్తూ వస్తూ మూడు కేజీల బొచ్చె చేప తెచ్చారు. కోడలు సగం ముక్కలు పులుసు పెట్టింది. మిగతావి క్యారీబ్యాగులో మూటగట్టి, ఖాళీ అక్కడే కనబడితే పై అరలో పెరుగు గిన్నె మీదుగా ఇరికించింది. చేపల పులుసు మర్నాటికే రుచి కదా అని, పొయ్యి మీంచి దించిన గిన్నెను దించినట్టే లోపలికి తోసేసింది.

తెల్లారి తలుపు తీసేసరికి సంచిలోంచి ఎర్రటి నీళ్లు సన్నగా కారి, మూత సరిగా పడని పెరుగులోకి చేరాయి. పులుసు గిన్నె అంచు చల్లబడింది గానీ, గరిటె దించి చూస్తే నడుమ చల్లదనం తగల్లేదు. వాసన చూస్తే తేడాగా ఉంది. వెనక మూలన ఉన్న చిన్న గిన్నెలో పచ్చటి బూజు. అందులో ఏముండేదో, ఎప్పుడు పెట్టిందో ఆమెకే గుర్తు లేదు.

"ఇంత డబ్బు పోసి కొన్నామండి మావయ్యగారూ. ఇదీ పాడుచేసేస్తే ఇంక దేన్ని నమ్ముతాం?" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆయన కోప్పడలేదు. తను తెచ్చిన థర్మాకోల్ పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"లారీ కలకత్తాకి ఒక పూటలో చేరదమ్మా. అందుకని అడుగున ఐసు, దాని మీద చేప, మళ్లీ ఐసు. రెండు చేపల మధ్య ఐసు పడకపోతే కుళ్లు అక్కడే మొదలవుద్ది. నీ ఫ్రిజ్‌లో ఐసు బదులు చల్లగాలి. గిన్నెకి గిన్నె ఆనించేస్తే ఆ గాలి ఎటు తిరుగుద్ది? ఇంకో మాట. ఐసు చేపని బాగుచెయ్యదు. పెట్టినప్పుడు ఎలా ఉందో, కొన్నాళ్లు అలా నిలబెడుద్ది, అంతే."

కాసేపాగి మళ్లీ అన్నారు. "కొల్లేరుని చూశావు కదా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చెరువుల గట్లు అడ్డం పడి, గుర్రపుడెక్క అల్లుకుని నీరు కదలకపోతే ఊళ్లు మునిగేవి. 2006లో గట్లు కొట్టించారు. నేను కూలి చేసిన చెరువు గట్టూ పోయింది. బాధపడ్డాను. అయినా నీటికి దారుండాలన్నది నిజమే కదమ్మా! నీ ఫ్రిజ్‌కి వచ్చే ఏర్లన్నీ ఉన్నాయి. ఉప్పుటేరే లేదు."

ఇద్దరూ కలిసి అంతా బయట పెట్టారు. చెడిపోయినవి పారేసి, అరలు కడిగి తుడిచారు. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ గాలి తగిలే బుట్టల్లోకి వెళ్లాయి, అదీ వేరువేరుగా. పచ్చి చేపకు మూతున్న డబ్బా, అన్నిటికంటే కింది అర కుదిరాయి. వండినవి పై అరల్లోకి, ఆకుకూరలు కాగితంలో చుట్టి కింద డ్రాయరులోకి వెళ్లాయి. మాటిమాటికీ తెరిచే తలుపు దగ్గర చల్లదనం నిలవదని, అక్కడున్న పాలగిన్నెను లోపలికి జరిపి ఆ చోటు సీసాల పచ్చళ్లకు ఇచ్చారు.

ఆ వారం నుంచి ఆ ఇంట్లో ఒక అలవాటు వచ్చింది. కూరగాయలు కొనే రోజుకు ముందు సాయంత్రం కొత్తగా కూర వండరు. ఫ్రిజ్‌లో ఉన్నవే పొగలొచ్చేదాకా కాచి తింటారు. బడి నుంచి వచ్చిన పిల్లవాడు వంటింటి గుమ్మంలోంచే అడుగుతాడు: "అమ్మా, ఇవాళ ఉప్పుటేరా?"

నీతి: దాచడమంటే ఆపెయ్యడం కాదు. వచ్చినదానికి పోయే దారి ఉంచినవాళ్లకే దాచుకున్నది దక్కుతుంది.

ఫ్రిజ్ చలికి క్రిములు చావవు, మందగిస్తాయి. అందుకే లోపలికి వెళ్లేదానికి ఒక వేళ ఉండాలి. వండినదాన్ని 2 గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపే, వెడల్పు గిన్నెల్లోకి పలచగా సర్ది, ఆవిరి తగ్గాక పెట్టాలి. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. అందులోని కొన్ని క్రిముల బీజాలు ఉడికినా చావవు. బయట ఉంచితే మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ కాచినా పోదు.

లోపల ఉన్నదానికి ఒక చోటుండాలి. ఫ్రిజ్ అరల్లో 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు నిలవాలంటే గాలి తిరిగే ఖాళీ కావాలి. కరెంటు పోతే తలుపు తీయకండి, 4 గంటల దాకా ఆ చల్లదనం కాపాడుతుంది.

బయటకు రావలసినదానికి ఒక గడువుండాలి. పచ్చి చేప ఒకటి రెండు రోజులు, వండిన కూర మూడు నాలుగు రోజులు. అంతకు మించి ఉంచాలనుకుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. తినలేమని తెలిసినప్పుడు మంచిగా ఉండగానే ఇరుగుపొరుగుకు ఇవ్వండి. మెతుకు పారేస్తే పాపమని నమ్మిన ఆ కోడలి మాట తప్పు కాదు. ఆ నమ్మకం నిలవాలంటే మెతుకు చెడకముందే ఎవరో ఒకరి కంచంలోకి చేరాలి.